దూరదేశ సేవకు సన్నాహము

ఈ సంవత్సరపు సంచికకు ఏదైన వ్రాయుడని మన పత్రికా సంపాదకవర్గమువారు నన్నడిగినప్పుడు, ఎప్పటివలె గ్రహణములను గూర్చియో అయస్కాంతమును గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. కాని ఈ యేడు నా మనస్సంతయు వేరొక విషయముతో నిండియున్నది. వేసవి సెలవుల తరువాత నేను ఈ పాఠశాలలో నుండను. నేనును నా కుటుంబమును ఆఫ్రికాఖండమునందలి మలావీ దేశమునకు, అచ్చటి యొక మిషను ఉన్నతపాఠశాలలో పనిచేయుటకై పోవుచున్నాము. ఇది ఒకటి రెండేండ్ల మాట కాదు. మమ్మును పంపుచున్న సంఘములవారితో మేము చేసికొన్న యొప్పందము పది సంవత్సరములకు. ఆ పిమ్మటను దేవుని చిత్తమైనచో అచ్చటనే యుండవలెనని మా తలంపు. ఈ సంగతి తెలిసినది మొదలు విద్యార్థులును, వారి తలిదండ్రులును, తోడి యుపాధ్యాయులును నన్ను అనేక ప్రశ్నలు అడుగుచున్నారు. ఒక్కొక్కరికి వేరు వేరుగా వరండాలో నిలిచి చెప్పుటకంటె ఒకసారి వ్రాయుట మేలని తోచినది.

ఎక్కువమంది యడిగిన ప్రశ్న “ఆఫ్రికాయేల?” యనునది. ఇది పైకి ప్రశ్నవలె నున్నను లోపల నున్నది జాలి. నేటి దినమున కొడుకో కూతురో అమెరికాలో నైనను ఆస్ట్రేలియాలో నైనను లేని వీధి మన పట్టణములో అరుదు. వారు బయలుదేరునాడు మందిరములో కృతజ్ఞత కూడిక జరుగును, బిరియానీ వండుదురు, బంధువులు విమానాశ్రయము వరకు పోయి సాగనంపుదురు. ఆ పిల్లలును పది యేండ్లకే పోవుచున్నారు, ముదుసలి తలిదండ్రులను విడిచియే పోవుచున్నారు. వారి నెవ్వరును “ఎందుకు?” అని యడుగరు. నేను మలావీ యనగానే ఒక పెద్దమనిషి, “మాస్టారూ, మీకు అమెరికా దొరకలేదా?” యని నిజమైన విచారముతో అడిగెను. మరియొకరు “ఆ నల్లవారి దేశములో ఆడపిల్లను ఎట్లు పెంచెదరు?” అనిరి. ఆ మాట యన్నవారి రంగును నా రంగును మలావీవారి రంగుకు ఎంతయో దూరము కావు. పెండ్లి ప్రకటనలలో తెల్లని పిల్ల కావలెనని అచ్చువేయించు జాతికి ఇట్టి మాట సహజముగానే వచ్చును. మేము ఇచ్చటనే విడిచిపోవలసిన సామానులలో మొదటిది ఇదియేయని నా భార్యయు నేనును ఒకరితో నొకరము చెప్పుకొంటిమి.

రెండవ ప్రశ్న దీనికంటె బరువైనది. దానిని అడిగినది పదవ తరగతి విద్యార్థి. “మలావీలో క్రైస్తవులే అధికులని భూగోళ పుస్తకములో చూచితిని. అట్లయిన మీరు మిషనెరీగా పోవుట ఎందుకండి?” యనెను. చక్కని ప్రశ్న. ఆ దేశమున సువార్త మనకంటె క్రొత్తదేమియు కాదు. స్కాట్లండు దేశపు మిషను ఆ సరస్సు తీరమున 1875వ సంవత్సరముననే దిగినది. ఆ దేశస్థుడే యైన జాన్ చిలెంబ్వే అమెరికాలో వేదాంతవిద్య నభ్యసించి తిరిగివచ్చి 1900వ సంవత్సరమున చిరాడ్జులు ప్రాంతమున మిషను స్థాపించి, తన జనులకు పాఠశాలలు నెలకొల్పెను. దొరల తోటలలో కూలీల బాధలు చూడలేక 1915వ సంవత్సరము జనవరిలో తిరుగుబాటునకు నాయకుడై ప్రాణము గోల్పోయెను. నేడు ఆ దేశపు నోట్లమీద ఆయన బొమ్మ యున్నది, జనవరి 15వ తేది ఆయన పేర సెలవుదినము. అట్టి మనుష్యుని కన్న దేశమునకు నేను పోయి విశ్వాసమును నేర్పెదననుట హాస్యాస్పదము. నేను పోవునది లెక్కలును భౌతికశాస్త్రమును చెప్పుటకు, చిన్న ఉపాధ్యాయులకు తరిఫీదు నిచ్చుటకు. 1994వ సంవత్సరమున ఆ ప్రభుత్వమువారు ప్రాథమిక విద్యను ఉచితము చేయగా బడిపిల్లల సంఖ్య ఒక్క యేటిలో సుమారు 19 లక్షలనుండి 30 లక్షలకు చేరువ యైనది. చెట్ల క్రింద తరగతులు, పలక లేని పిల్లలు, శిక్షణ లేని ఉపాధ్యాయులు. నాడు బడిలో చేరిన పిల్లలే నేడు తలిదండ్రులై తమ బిడ్డలను ఉన్నతపాఠశాలలకు పంపుచున్నారు, శాస్త్రము చెప్పువారు మాత్రము చాలరు. సంఘము సంఘమునకు చేయు సహాయమును మిషను అనవచ్చునో కూడదో పండితులు తేల్చుకొందురు గాక. నాకు పిలుపు వచ్చినది ఆ రూపముననే.

ఇక సన్నాహముల మాట. నా దినములో అధిక భాగము దీనికే పోవుచున్నది గనుక మొదట భాషను గూర్చి చెప్పెదను. ఉన్నత తరగతులలో అచ్చట బోధన ఆంగ్లములో జరుగును. కావున భాష నేర్వకయే జీతము తీసికొనవచ్చును. కాని సంతలోను, జబ్బుపడినవాని మంచము దగ్గరను, సమాధి దగ్గరను ఆంగ్లము పనికిరాదు. పది సంవత్సరములుండి ఆ జనుల భాష రానివాడు పది సంవత్సరములు అతిథిగా నుండినవాడే. అందుచేత గడచిన సంవత్సరము ఆగస్టు నెలనుండి చిచేవా భాష నేర్చుకొనుచున్నాను. మా గురువు విశాఖపట్టణములో చదువుకొనుచున్న మలావీ విద్యార్థి, ఇరువదిరెండేండ్లవాడు. ఉదయము అయిదున్నర గంటలకు ఫోనులో ముఖాముఖి పాఠము చెప్పును. ఇరువదియేండ్లకు పైగా ఇతరుల తప్పులు దిద్దిన నాకు ఈ బాలుడు తప్పులు దిద్దుచుండగా కూర్చుండుట మొదట కొంత విచిత్రముగా నుండెను. ఇప్పుడు ఆ గంటకొరకు ఎదురుచూచుచున్నాను.

ఈ భాషలో మనకు కష్టమైనదియు నున్నది, మనకు మాత్రమే సుళువైనదియు నున్నది. కష్టమైనది నామవాచకముల తరగతులు. మనుష్యుడు ‘మున్థు’, మనుష్యులు ‘అన్థు’. వస్తువు ‘చిన్థు’, వస్తువులు ‘జిన్థు’. చెట్టు ‘మ్తెంగొ’, చెట్లు ‘మితెంగొ’. మార్పంతయు మాట మొదటనే జరుగును, మనకువలె చివరను కాదు. అంతటితో ఆగదు. విశేషణమును, సంఖ్యయు, క్రియయు ఆ నామము ధరించిన టోపీనే ధరింపవలెను. రెండు పండ్లయినచో ‘జివిరి’, ఇద్దరు పిల్లలయినచో ‘అవిరి’, రెండు చెట్లయినచో ‘ఇవిరి’. దీనిని విని తల పట్టుకొంటిని గాని, పిమ్మట ఆలోచింపగా మనమును ‘రెండు పండ్లు’ అని, ‘ఇద్దరు పిల్లలు’ అని వేరుచేసి చెప్పుదుము గదా. ఆంగ్లేయునికి లేని యీ వివేకము మనకు కొంత యున్నది, వారికి మరికొంత యున్నది, అంతియే భేదము. ఇక సుళువైన సంగతి. క-ఖ, త-థ, ప-ఫ అను భేదమును ఆ భాష పాటించును. మన పిల్లలు ఒత్తక్షరములకు దెబ్బలు తిని నేర్చిన విద్య అచ్చట ఊరక పోదు.

అన్నిటికంటె నాకు సంతోషము కలిగించినది వారి మర్యాద. చిన్నవానిని ‘ఇవే’ యనియు, పెద్దవారిని బహువచనముతో ‘ఇను’ అనియు పిలుతురు, మన నీవు, మీరు వలెనే. ఎదుట లేని పెద్దవారిని గూర్చి చెప్పునప్పుడును మన ‘వారు’ వలె బహువచనమునే వాడుదురు. దారిలో ఎవ్వరైన తొట్రుపడి పడినచో ‘పెపాని’ యందురు. క్షమింపుమనుటకును, అయ్యో పాపమనుటకును అదియే మాట. వీడ్కోలు చెప్పునప్పుడు పోవువాడు ఉండువానితో ‘త్సలాని బ్వీనొ’, అనగా క్షేమముగా నుండుడనియు, ఉండువాడు పోవువానితో ‘పితాని బ్వీనొ’, అనగా క్షేమముగా పొండనియు చెప్పుదురు. ఒకే మాటతో ఇరుపక్షములకును సరిపెట్టుట వారికి తెలియదు. ‘పోయివచ్చెద’ ననక ‘పోయెద’ ననుట మనలో అశుభమని మా గురువుతో చెప్పగా అతడు చాలసేపు నవ్వెను.

నలుబదియైదేండ్లకు క్రొత్త భాష నోటికి వచ్చునా యని అనుమానించువారికి నేను చెప్పు ఉదాహరణము మన గుంటూరుదే. ఫాదర్ హయ్యర్ అని పేరుగన్న క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793వ సంవత్సరమున జర్మనీలో పుట్టి, అమెరికాలో పాదిరియై, భార్యను పోగొట్టుకొనిన పిమ్మట, సంస్కృతమును వైద్యమును కొంత చదువుకొని, 1841వ సంవత్సరమున బోస్టన్ రేవులో ఓడ యెక్కెను. 1842 జూలై 31వ తేదిని గుంటూరు చేరునప్పటికి ఆయనకు 49 యేండ్లు నిండినవి. అప్పుడు మొదలుపెట్టినది మన తెలుగు. అంతటితో తీరినదా? తిరిగి స్వదేశమునకు పోయి, మరల వచ్చి, మరల పోయి, 76 యేండ్ల వయస్సున 1869లో మూడవసారి బయలుదేరి రాజమహేంద్రవరమునకు వచ్చెను. ఆ దినములలో సముద్రప్రయాణము నెలల తరబడి. నాకు ముంబయినుండి అడిస్ అబాబా, అచ్చటినుండి లిలాంగ్వే, అంతయు కలిపి ఒక దినము. హయ్యర్ కథ తెలిసిన తరువాత వయస్సును సాకుగా చెప్పుటకు నాకు నోరు రాలేదు.

మనము సన్నాహమనుకొననిది సన్నాహమగుటయు కలదు. ఒంగోలు క్లౌ దొరగారు మిషనెరీ కాకమునుపు భూములు కొలుచు సర్వేయరు. దేవుని పనికి గొలుసును కొలబద్దయు ఎందుకని అప్పుడెవ్వరైన అడిగియుందురు. 1876-78 నాటి మహాక్షామములో జనులు ఆకలితో రాలుచుండగా ఆయన బకింగ్‌హాము కాలువలో కొంత భాగము త్రవ్వించుటకు గుత్త పుచ్చుకొని, వేలకొలది బీదలకు కూలి యిచ్చి బ్రదికించెను. గొలుసు అప్పుడు పనికివచ్చెను. నా మట్టునకు నేను విరిగిన బల్లలు బాగుచేయుట, సైకిలు చక్రమునకు అతుకు వేయుట, ఖాళీ సీసాలతో ప్రయోగములు చూపుట అను మూడు విద్యలు ఈ పాఠశాలలో నేర్చితిని. ప్రయోగశాలకు డబ్బు చాలని సంవత్సరములకు ఇప్పుడు కృతజ్ఞుడను.

పోవువాడు ఏ మనస్సుతో పోవలెనన్న సంగతికి నేను తరచు తలచుకొనునది అజరయ్యగారిని. తిరునెల్వేలి తమిళుడై యుండి 1909వ సంవత్సరమున దోర్నకలునకు వచ్చి, తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికను సంఘమునకు తొలి భారతీయ బిషప్పు అయినవారు. ఆయన 1910లో ఎడింబరో మహాసభలో, వచ్చిన దొరల త్యాగమునంతయు మెచ్చుకొని, చివరకు వారిని అడిగినది స్నేహము. పాశ్చాత్యులు ఉపకారులైరి గాని స్నేహితులు కాలేదని ఆయన బాధ. ఆ మాటలు మన దేశస్థుడు తెల్లవారితో అన్నప్పుడు మనకు గర్వము. మలావీవాడు నాతో అనవలసివచ్చినచో? ఈ ప్రశ్న నన్ను రాత్రులు మేలుకొలుపుచున్నది. ఉపాధ్యాయునికి ఉపకారి యగుట వృత్తిరీత్యా అలవాటు. బల్లకు ఆవలిప్రక్క కూర్చుండుట అలవాటు లేదు.

మనవారు ఇంతకుమునుపు ఆఫ్రికాకు పోకపోలేదు. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదిని ‘ట్రూరో’ అను ఓడ మద్రాసునుండి మొదటి కూలీలతో దర్బను రేవు చేరెను. 1911 వరకు నేటాలు చెరకు తోటలకును, తేయాకు తోటలకును, గనులకును ఒప్పందపు కూలీలుగా పోయిన భారతీయులు లక్షన్నరకు పైబడియుండిరి. వారిలో తెలుగువారు వేలకొలది. వారికొరకు తెలుగు బాప్తిస్టు సంఘములు 1903లో జాన్ రంగయ్యగారిని నేటాలునకు పంపెను. ఆ సంవత్సరాంతమున కియర్స్నీ తేయాకు తోటలో సంఘము వెలసినది. ఆయన ఆ పని మానలేదు, 1915లో మరణించు వరకు దానికే అంకితమైయుండెను. ఇందులో నన్ను ఆశ్చర్యపరచు లెక్క ఒకటున్నది. నెల్లూరు మిషనులో ఫలము లేదు, దానిని మూసివేయుదమా యని అమెరికాలో చర్చించినది 1853వ సంవత్సరమున. మూయదలచిన ఆ మిషను సంఘములు తమ చేతి ఖర్చుతో సముద్రముల కావలికి ఒక మనుష్యుని పంపినది సరిగా ఏబది యేండ్లకు. పుచ్చుకొనిన చేయి ఇచ్చు చేయి యగుటకు ఒక్క తరము చాలినది. అయితే రంగయ్యగారు తెలుగువారియొద్దకు తెలుగుతో పోయిరి. నాకు ఆ సౌకర్యము లేదు.

ఖర్చు మాటయు దాచనక్కరలేదు. మా జీవనమునకు డబ్బు పంపునది ధనికులు కారు. నాలుగు పల్లె సంఘములును మన పట్టణ సంఘమును కలిసి పూనుకొన్నవి. ఆ పల్లెలలో స్త్రీలు పూటపూటకు వంటబియ్యములోనుండి పిడికెడు తీసి వేరే కుండలో వేయుదురు. ఆదివారము ఆ బియ్యము మందిరమునకు వచ్చును, వేలములో అమ్ముడుపోవును. ఆ సొమ్ములోనుండి మా యింటికి నెలసరి. సర్కారు ఉద్యోగస్థుని జీతముతో పోల్చినచో అది సగమైనను కాదు, పింఛను లేదు. కాని ఆ కుండలను చూచినవానికి ఖర్చు పెట్టునప్పుడు చేయి వణకును. మేము మొన్న ఒక పల్లెకు సెలవు పుచ్చుకొనుటకు పోగా ఒక ముసలమ్మ, “అచ్చట ఏమి తిందురు నాయనా?” యని యడిగెను. మొక్కజొన్న పిండితో గట్టిగా వండిన ‘న్సిమా’ యనునదియు, ఎండబెట్టిన చిన్న చేపలును అని చెప్పగా, “సంకటి, నెత్తళ్ళే గదా, ఇంకనేమి భయము” అని తేల్చివేసెను.

ఆరోగ్య విషయము త్వరగా చెప్పెదను. టైఫాయిడు, కామెర్లు, పిచ్చికుక్క కాటు మొదలగువాటికి సూదులు వేయించుకొంటిమి. అచ్చటి మలేరియా మనదానికంటె ప్రమాదకరమైనది. మొదటి స్కాట్లండు మిషను సరస్సు దక్షిణతీరమునుండి 1881లో బాండావేకును, 1894లో కొండమీది కోండోవేకును తరలిపోవుటకు కారణము జ్వరముతో పూడ్చిన సమాధులే. ఆ మిషనును నడిపిన డాక్టరు రాబర్టు లాస్ 1875 మొదలు 1927 వరకు అచ్చటనే సేవచేసిరి. సంవత్సరముల తరబడి మాత్రలు మ్రింగుచు నుండుట సాధ్యము కాదు గనుక మందు పట్టించిన దోమతెరలును, జ్వరము తగిలిన నాడే రక్తపరీక్షయు మాకు విధి. నా భార్య నర్సు పని నేర్చినది గనుక ఈ శాఖ ఆమెది. సరస్సులో నత్తలవలన వచ్చు రోగమున్నది గనుక కుమారునికి ఈత నిషేధము. వానికి మలావీపై ఉన్న ఒక్క ఫిర్యాదు ఇదియే.

మా కుమార్తె మాట వేరు. పదవ తరగతి ముగించినది. తన స్నేహితురాండ్రతో ఇంటర్మీడియట్ చదువవలెనని ఆమె కోరిక, మా చెల్లెలి యింట నుండి చదువుకొనవచ్చును గూడ. మేము బలవంతపెట్టలేదు. మూడు నెలలు ఆలోచించి, ఒక సంవత్సరము మాతో వచ్చి చూచెదనని, నచ్చనిచో తిరిగి పంపవలెనని చెప్పినది. ఆ మాట కాగితముమీద వ్రాసి యిమ్మన్నది. నేను వ్రాసి సంతకము చేసితిని. పిలుపు నాకు వచ్చినది గాని ఆమెకు రాలేదు. తండ్రి పిలుపును బిడ్డ మెడకు కట్టుటకు నాకు అధికారమున్నదని నేననుకొనను.

ఇంతవరకు చెప్పినవన్నియు చేయదగిన పనులు. చేయుటకేమియు లేనిది ఒకటున్నది. అది మా అమ్మ. ఆమెకు 76 యేండ్లు. నాన్నగారు పోయి తొమ్మిదేండ్లయినది. నేనొక్కడనే కుమారుడను. ఇకమీదట చెల్లెలియొద్ద నుండును. చెల్లెలును బావగారును మనస్ఫూర్తిగా ఒప్పుకొనిరి. ఏర్పాటులో లోపము లేదు. అయినను ఒక సంఘపెద్ద మా యింటికి వచ్చి, అబ్రాహాముగూడ తండ్రి చనిపోయిన తరువాతనే కానాను దేశమునకు బయలుదేరెనని, అపొస్తలుల కార్యములు ఏడవ అధ్యాయము తెరచి చూపిరి. స్తెఫను ప్రసంగములో ఆ మాట యున్నది, నేను కాదనలేదు. దానికి ఎదురుగా తండ్రిని పాతిపెట్టి వత్తుననిన వానికి ప్రభువు చెప్పిన సమాధానమును నేను చూపవచ్చును. చూపలేదు. ఆ వాక్యమును ప్రభువు నాతో చెప్పిన నేను వినవలెను గాని, ప్రక్కగదిలో మా అమ్మ వినుచుండగా నేనెత్తి ఇంకొకరిమీద ప్రయోగించుటకు అది కత్తి కాదు.

అమ్మ ఆ మాటలన్నియు విన్నది. ఆ రాత్రి ప్రార్థనయైన పిమ్మట, “నేను పోయిననాడు నీవు రాగలవా నాయనా?” యని యడిగినది. వచ్చెదననుట సుళువు. టిక్కెట్టు దొరకినను, వెంటనే బయలుదేరినను, లిలాంగ్వేనుండి మా యింటికి రెండు దినములు పట్టును. వానకాలమున మా పాఠశాలనుండి లిలాంగ్వేకు దారియే తెగిపోవచ్చును. “రాలేకపోవచ్చునమ్మా” అంటిని. ఆమె మరి మాటాడలేదు. ఆ మరునాడును, అటు తరువాతను నాలుగు దినములు నాతో అవసరమునకు మించి మాటాడలేదు. నా భార్య, “అట్లు చెప్పకుండినను పోయెడిది గదా” అన్నది. నేనేమియు బదులు చెప్పలేదు. అమ్మ అడిగినది నిజమైన ప్రశ్న. ఆమె నా చేత అబద్ధము పలికించుకొని ఊరట పొందునట్టి మనిషి కాదు.

అయిదవ దినమున నేను బడినుండి వచ్చునప్పటికి పాస్టరుగారు మా యింట నుండిరి. అమ్మయే పిలిపించినదట. నన్ను కూర్చుండుమని, వారి యెదుట, “అబ్బాయి రాకపోయినను నన్ను ఆపవద్దని వీరితో చెప్పితిని. చెల్లెలితోను చెప్పితిని. ఆ మంచు పెట్టెలో పెట్టి మూడు దినములు నీ కొరకు నిలుపవద్దు. మీ నాన్న ప్రక్కన చోటున్నది. తెల్లవారి పోయినచో సాయంకాలమునకు పెట్టివేయుడు. మన్ను నీ మేనల్లుడు వేయును” అన్నది. పాస్టరుగారు తల వంచుకొని కూర్చుండిరి. నేను లేచి పెరటిలోనికి పోతిని. మా ఊళ్ళో విదేశములనుండి రావలసిన కుమారులకొరకు ఆ పెట్టెలు రాత్రింబగళ్ళు గుయ్యి మనుచుండుట ఆమె పదిసారులు చూచినది. తాను అట్లు ఉండననుకొన్నది. నన్ను ఆశీర్వదించితి నని ఆమె ఇంతవరకు అనలేదు. నేనును అడుగలేదు.

ఆ తరువాత మాత్రము ఇంట మాటలు మామూలైనవి. అచ్చటి గడియారము మనకంటె మూడున్నర గంటలు వెనుక నడచునని చెప్పగా, రాత్రి ఎనిమిదింటి ప్రార్థన వేళ నాకు సాయంకాలము నాలుగున్నరయగునని ఆమెయే లెక్కగట్టినది. ఫోనులో బొమ్మ వచ్చునట్లు పిలుచుటను మా కుమార్తెయొద్ద నేర్చుకొనుచున్నది. వ్రేలు ఆనవలసినచోట గ్రుచ్చునట్లు ఒత్తును, అదియొక్కటే చిక్కు.

భూగోళము పాఠములో ఆసక్తిగల పిల్లలకు ఒక మాట. నేను పోవుచోటు భూమధ్యరేఖకు దక్షిణమున నున్నది గనుక ధ్రువనక్షత్రము అచ్చట కనబడదు. మన బడి మైదానమునుండి మీరు దానిని ఉత్తరమున తక్కువ యెత్తులో చూడగలరు. డిసెంబరులో మీరు చలికి ముడుచుకొని క్రిస్మసు గీతములు పాడునప్పుడు మాకు వేసవియు వానలును కలిసియుండును. త్రిశంకు మనకు దిగువన కొంతకాలమే కనబడును, అచ్చట చాల ఎత్తున నిలుచునట. తెలిసిన నక్షత్రములు తలక్రిందులుగా కనబడునని పుస్తకములలో చెప్పుచుందును, ఇప్పుడు నా కన్నులతో చూచెదను.

మిగిలినవి చిన్న పనులు. ప్రయోగశాల తాళపుచెవులు, సామాను పట్టికయు జూనియరు మాస్టరుగారికి ఈ నెలాఖరున అప్పగించెదను. పెద్ద త్రాసు ఎడమ పళ్ళెము కొంచెము బరువు, దానికి చిన్న కాగితపు ముక్క ప్రక్కనే పెట్టియుంచితిని, పారవేయవద్దు. నా సైకిలు మన బంట్రోతు కుమారునికి. తొమ్మిదవ తరగతివారు నాకు ఇయ్యవలసిన నోటు పుస్తకములు ఇంకను పదునొకండు రాలేదు. వాటిని సెలవులకు ముందే తెచ్చి యియ్యవలెను. తరువాత దిద్దుటకు నేనుండను.